మూడో పాయ

రెండు రంగులు వేరని తెలిసి కూడా, పదిమందీ ఒకటే అన్నారని తనూ ఒకటే అన్న మనిషికి, ఆ తర్వాత అవి నిజంగానే ఒకటిగా కనపడటం మొదలైతే, ఆ రెండో చూపుని ఏమనాలి? అబద్ధం అనడానికి లేదు, ఆమె అబద్ధం ఆడటం లేదు. నిజం అనడానికీ లేదు, రంగులు ఎక్కడివక్కడే ఉన్నాయి. కిటికీ అక్కని ఎన్నిసార్లు తలుచుకున్నా ఆలోచన వచ్చి ఈ ముడి దగ్గరే ఆగుతుంది. విప్పడం ఇప్పటికీ చేతకాలేదు.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది, అంతే. నూలుకి రంగులు వేసే ఆ ఫ్యాక్టరీలో గేటు దగ్గర కాపలాదారు మొదలు యజమాని దాకా అందరికీ ఆమె కిటికీ అక్కే. కింద అంతస్తు నిండా తొట్లు, ఆవిరి, తడి నేల. మాటలు కూడా ఆవిరి పట్టినట్టు మెత్తగా వినపడతాయి అక్కడ. పక్కనున్న ఇనుప మెట్లు పద్దెనిమిది ఎక్కితే ఒక చిన్న గది. గదికి ఉత్తరం వైపు ఒకే ఒక్క కిటికీ. ఎండ నేరుగా పడని వెలుతురు అందులోంచి పాలలా వచ్చి బల్ల మీద నిలబడుతుంది. ఉదయం పది నుంచి పదకొండున్నర దాకా ఆ వెలుతురు మారదు. ఆ గంటన్నరే ఆమె అసలు పని. మిగతా రోజంతా దానికి ముందూ వెనకా అన్నమాట.

పని చెప్పడానికి తేలిక. ప్రతి రంగుకీ ఒక నమూనా చిలప ఉంటుంది. చిలప అంటే చుట్ట చుట్టిన నూలు. ఆ నమూనాని తల్లి చిలప అంటారు. తొట్టిలోంచి కొత్తగా తీసిన నూలు ఆరాక, తల్లి నుంచి రెండు పాయలు, కొత్తదాన్నుంచి ఒక పాయ తీసుకుని జడ అల్లుతుంది. అల్లిన జడని కిటికీ ముందు పట్టుకుని, కళ్ళు సగం మూసి, మెల్లగా తిప్పుతుంది. ఆ మూడింట్లో కొత్త పాయ ఏదో కన్ను పట్టుకోగలిగితే రంగు కలవనట్టు. ఎంత వెతికినా పాయ తప్పిపోతే కలిసినట్టు. అంటే ఆమె పని వెతికి ఓడిపోవడం. ఓడిపోయిన రోజున కిందకి చూసి, "దింపండి!" అని కేకేస్తుంది. ఆరేసిన నూలు అప్పుడు గోదాముకి దిగుతుంది.

పందొమ్మిదేళ్ళప్పుడు వచ్చింది ఆ గదికి. అంతకు ముందు కిటికీ దగ్గర ఒక పెద్దమ్మ ఉండేది. మొదటి ఆరు నెలలూ జడ అల్లడమే నేర్పింది తప్ప రంగు చూడనివ్వలేదు. ఆ తర్వాత ఒక్కటే చెప్పింది. "చూసేటప్పుడు పక్కన ఎవరైనా నిలబడి మాట్లాడుతుంటే చూడకమ్మాయ్. మాటక్కూడా రంగుంటుంది. అది కంట్లో పడిందా, ఇక దులుపుకోలేవు."

ఆ మాట అప్పుడు నవ్వొచ్చేలా ఉండేది. ఏళ్ళు గడిచేకొద్దీ నవ్వు పోయింది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ కిటికీ ముందు నిలబడితే ఏమవుతుందంటే, మనిషికి కలలు కూడా పాయలు పాయలుగా వస్తాయి. ఊదా రంగు వాన కురిసే వీధిలో నడుస్తుంటుంది. ఆ వానలో ఒక్క చినుకు మాత్రం వంగపండు రంగులో ఉంటుంది. అదెక్కడ పడిందో చూసి, చటుక్కున లేచి కూర్చుంటుంది. పక్కన పడుకున్న భర్త, "దొరికిందా?" అంటాడు. "ఆ," అంటుంది. "ఇక పడుకో," అంటాడు.

ఆ భర్త ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. పుట్టుకతోనే ఆయనకి రంగులు సరిగా తెలియవు. ఆకుపచ్చా, గోధుమరంగూ ఆయన లెక్కలో అన్నదమ్ములు. పెళ్ళైన కొత్తలో ఒక కాలికి అదీ, ఇంకో కాలికి ఇదీ మేజోళ్ళు వేసుకుని అత్తారింటికి వెళ్ళి, మరదళ్ళకి ఏడాదికి సరిపడా నవ్వు పంచి వచ్చాడు. "దేవుడికి నా మీద కోపమో, నీ మీద ప్రేమో గానీ, నా వాటా కూడా నీకే ఇచ్చేశాడే," అనేవాడు ఆమెతో.

ఫ్యాక్టరీ యజమాని పెద్దవాడైపోయి ఇంటిపట్టున ఉండటం మొదలుపెట్టాక ఆయన అల్లుడు వచ్చాడు. చెడ్డవాడు కాదు. వచ్చిన మొదటి వారం మెట్లెక్కి, జడ ఎలా అల్లుతారో శ్రద్ధగా చూసి, చేతులు కట్టుకుని అడిగాడు.

"అంతా బానే ఉంది గానీ అక్కా, మీకు జ్వరమొస్తే?"

"రాలేదు ఇప్పటిదాకా."

"వస్తే?"

నిజమే కదా అనిపించింది. ఇంత ఫ్యాక్టరీ ఒక్క మనిషి కంటి మీద వేలాడటం ఏం బాగుంటుంది? ఏడుగురితో ఫోన్లో ఒక గ్రూపు పెట్టాడు అల్లుడుగారు. దానికి 'రంగు కలిసిందా' అని పేరు. తాను, కింద తొట్లు చూసే మేస్త్రి, ఆర్డర్లు చూసే అమ్మాయి, గోదాము, ప్యాకింగు, లారీల మనుషులు ముగ్గురు, చివరికి కిటికీ అక్క. ఆరిన నూలునీ తల్లి చిలపనీ పక్కపక్కన పెట్టి మేస్త్రి ఫొటో తీసి పంపుతాడు. కలిసిందనుకున్నవాళ్ళు బొటనవేలు బొమ్మ వెయ్యాలి. ఐదు వేళ్ళు పడితే నూలు గోదాముకి దిగుతుంది.

కిటికీ దగ్గర చూడటం మానెయ్యమని ఎవరూ అనలేదు. కాకపోతే ఆమె జడ అల్లేలోపే ఐదు వేళ్ళూ పడిపోయేవి. వేళ్ళు పడటం కూడా ఒక తీరుగా ఉండేది. ముందు కాసేపు ఎవరూ కదలరు. ఫొటో ఒంటరిగా కూర్చుని ఉంటుంది. అల్లుడుగారి వేలు పడగానే, చెట్టు దులిపినట్టు, ఒకదాని వెనక ఒకటి టపటపా రాలతాయి.

రెండో నెలలో ఒకసారి గంధం రంగు ఫొటో వస్తే, ఆమెకి అందులో ఎరుపు ఎక్కువైనట్టు తోచింది. ఆరు వేళ్ళు పడి ఉన్నా, "ఇంకోసారి చూద్దాం," అని రాసింది. గ్రూపులో ఎవరూ పలకలేదు. మేస్త్రి నూలు పట్టుకుని మెట్లెక్కి పైకొచ్చాడు. ఆమె కంటే ఆరేళ్ళు చిన్న, ఆవిరికి ఎర్రబడిన మొహం. జడ అల్లి చూసింది. పాయ తప్పిపోయింది. రంగు కలిసే ఉంది. ఫొటోదే తప్పు.

"పోనీలే అక్కా," అన్నాడు మేస్త్రి. "ఆరుగురికి కనపడని ఎరుపు నీకొక్కదానికే కనపడిందంటే, అది నూల్లో లేదు, నీ కంట్లో ఉంది."

కింద ఎవరో నవ్వారు. ఆర్డర్ల అమ్మాయి ఆ సాయంత్రం గ్రూపులో, "కిటికీ అక్క కళ్ళకి వారం రోజులు సెలవు మంజూరు," అని రాసింది. దానికి ఐదు వేళ్ళు పడ్డాయి. ఆమె కూడా నవ్వి, ఆరోది వేసింది.

అప్పట్నుంచి ఆమెకో అలవాటు వచ్చింది. ముందు ఆరు వేళ్ళూ పడనిచ్చి, ఆ తర్వాత ఫొటో తెరిచేది. ఆ ఆరు వేళ్ళ వెనకనుంచి చూస్తే రంగులు భలే ప్రశాంతంగా ఉండేవి. ఏ పాయా ఎదురు తిరిగేది కాదు. కలల్లో కూడా వాన ఒకే రంగులో కురిసేది. పొద్దున్నే లేచి, ఎంత బాగా నిద్ర పట్టింది అనుకునేది. ఏదో ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టు మాత్రం ఉండేది.

ఊళ్ళో కొత్తగా కట్టిన నాటకశాల తెరకి నూలు ఆర్డరు వచ్చింది అప్పుడే. నెమలికంఠం రంగు. నీలమా, పచ్చా అని అడిగితే రెండూ తలూపే రంగు. తొట్టి చాలక రెండు లాట్లుగా వేశారు. తెర ఎడమ సగానికి మొదటిది, కుడి సగానికి రెండోది.

మొదటి లాటు పొద్దున్నే వచ్చింది. ఆరు వేళ్ళు పడ్డాయి. ఆమె కిటికీ దగ్గర కూడా చూసుకుంది, కలిసింది. వేలు వెయ్యడం మాత్రం మరిచిపోయి ఇంటికి వెళ్ళింది. సాయంత్రం వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే ఫోన్ మోగింది. "అక్కా, మీ వేలు ఒక్కటే మిగిలింది," అని అల్లుడుగారి సందేశం. చెయ్యి తుడుచుకుని గ్రూపు తెరిచింది. అన్నిటికంటే కింద నెమలికంఠం రంగు ఫొటో. చూడగానే కన్ను ఒక్క క్షణం తట్టుకుంది, చీకట్లో లేని మెట్టు మీద కాలు వేసినట్టు. ఇదేంటి, పొద్దున ఇలా లేదే అనుకుంది. అంతలోనే, మిగతా ఆరుగురూ సరేనన్నారుగా, ఇక నాదేముంది అనుకుంది. వేలు వేసింది. ఫోన్ పక్కన పెట్టి మళ్ళీ గిన్నె అందుకుంది.

పక్కన పెట్టిన ఫోన్ కొట్టుకోవడం మొదలుపెట్టింది. టక్. టక్. టక్ టక్. ఆరుసార్లు.

ఆ ఆరూ ఏమిటో పడుకోబోయే ముందు గానీ ఆమెకి అర్థం కాలేదు. అల్లుడుగారు అడిగింది పొద్దున్నటి ఫొటో గురించి. ఆమె చెయ్యి తుడుచుకునే లోపు మేస్త్రి రెండో లాటు ఫొటో పెట్టాడు. ఆమె వేలు వేసింది దాని మీద. అప్పటికి దాని మీద ఒక్క వేలూ లేదు. ఆమెదే మొదటిది. మిగతా ఆరూ ఆమెని చూసి పడ్డాయి. ఎవరూ లేని గుంపు వెనక ఆమె నడిచింది. ఆమె వెనక ఒక గుంపు తయారైంది.

మర్నాడు పది కాకముందే మెట్లెక్కింది. తల్లి నుంచి రెండు పాయలు, రెండో లాటు నుంచి ఒకటి. జడ వదులుగా వచ్చింది, విప్పి మళ్ళీ అల్లింది. కిటికీ ముందు పట్టుకుని తిప్పింది. పాయ కనపడలేదు. ఇంకోసారి తిప్పింది. కనపడలేదు. పాలలాంటి వెలుతురులో జడ అంతా ఒకే నిద్రలా ఉంది.

హమ్మయ్య అనుకోవాలి. అనుకుంది కూడా. కానీ నిన్న కన్ను తట్టుకున్నది ఆమె కలగన్న సంగతి కాదు. ఆరుగురి వేళ్ళు పడకముందు కనపడింది, పడ్డాక ఎక్కడికి పోయింది? ఆర్డరు పోతే ఇంకోటి వస్తుంది, ఆమె భయం దాని గురించి కాదు. ఇది తన కన్నేనా, లేక ఏడుగురూ కలిసి వాడుకుంటున్న కన్నా? తనది కాకపోతే ముప్పై ఎనిమిదేళ్ళుగా తాను అనుకుంటున్న మనిషి ఎవరు?

రెండు లాట్ల నుంచీ చెరో గుప్పెడు నూలు తీసి రుమాల్లో కట్టుకుని ఇంటికి తెచ్చింది. భర్త వరండాలో కుర్చీ వేసుకుని కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఇంకా పొద్దు ఉంది. రెండూ ఆయన ఒళ్ళో పెట్టింది.

"చూసి చెప్పండి, తేడా ఉందా?"

"ఎవర్ని అడుగుతున్నావే?" నవ్వాడాయన. "గుడ్డివాణ్ణి దారి అడిగినట్టుంది. నాకు రెండూ ఒకటే రంగు."

"రంగు చెప్పొద్దు. ఊరికే చూడండి."

ఆయన రెండూ ఎత్తి పట్టుకుని, ఉత్తరం మీద చెరిగిపోయిన అడ్రసు చదివేవాడిలా కళ్ళు చికిలించాడు. కాసేపు చూశాడు.

"ఇది ఆరలేదా ఇంకా?" అన్నాడు కుడి చేతిలోది ఊపుతూ.

"ఆరింది. నిన్ననే."

"ఏమో మరి. ఇది కాస్త తడిసినట్టుంది. అది పొడిగా ఉంది."

ఆయన కుడి చేతిలోది రెండో లాటు. రంగు తెలియని ఆయనకి మెరుపూ మసకా తెలుస్తాయి. గ్రూపు సంగతి ఆయనకి తెలియదు. ఎవరు ఏమన్నారో తెలియదు. ఆమె పక్కన కూర్చుని ఆయన భుజం మీదుగా మళ్ళీ చూసింది. చూస్తుండగానే, నీళ్ళలోంచి చేప పైకి తేలినట్టు, ఆ తడి మెల్లగా పైకి వచ్చింది. ఇప్పుడు పోగొట్టుకుందామన్నా పోయేలా లేదు.

"ఏమే, ఏడుస్తున్నావా?"

"లేదండీ. కళ్ళు."

"కళ్ళే కదా ఏడ్చేది," అన్నాడాయన, నూలు తిరిగి ఇచ్చేస్తూ.

మర్నాడు పొద్దున్నే ఆమె గ్రూపులో రాసింది. జీవితంలో అంత పొడుగు సందేశం ఎప్పుడూ రాయలేదు. "నెమలికంఠం రెండు లాట్లూ ఒకటి కావు. రెండోది తడిసినట్టుంది. మొదటి వేలు నాదే, తప్పు నాదే. దయచేసి ఆపండి."

కాసేపటికి ఒక్కొక్కరే మాట్లాడారు.

"అదేంటక్కా, నువ్వే కదా ముందు వేశావు?" అంది ఆర్డర్ల అమ్మాయి.

"నువ్వు వేశాక ఇంకెవరు చూస్తారు అక్కా?" అన్నాడు గోదాము మనిషి.

"పోయినసారి గంధం రంగప్పుడూ ఇలాగే అన్నారు," అని లారీల అతను.

మేస్త్రి ఏమీ రాయలేదు.

"అందరి మాటా విందాం," అని అల్లుడుగారు ఓటు పెట్టాడు. రెండూ ఒకటే. రెండూ వేరు. ఒకటేకి ఒక ఓటు పడింది, అల్లుడుగారిది. ఇక చెట్టు దులిపినట్టే. ఆరు. వేరు పక్కన ఒక్కటి, ఆమెది. ఆ ఒకటి అంకె తెర మీద చాలా సేపు ఒంటరిగా మెరుస్తూ ఉంది.

మధ్యాహ్నం అల్లుడుగారు తనే మెట్లెక్కి వచ్చాడు. కోపం లేదు, జాలి ఉంది. అదే బరువుగా ఉంది.

"మీరు మనసులో పెట్టుకోకండి అక్కా. ఈ మెట్లు ఎక్కి దిగడం కూడా ఎందుకు మీకు? ఈ గది మూటలకి వాడుకుందాం. కింద కూర్చోండి, కావాలంటే ఇంట్లోనే కూర్చోండి. వేలు వేస్తే చాలు."

"ఏ వేలు బాబూ?" అంది ఆమె.

జోక్ అనుకుని ఆయన నవ్వాడు.

ఆ నూలు తెరగా నేసి కట్టాక, నాటకశాల ప్రారంభానికి ఫ్యాక్టరీ వాళ్ళందరికీ పిలుపు వచ్చింది. ఒక మధ్యాహ్నం, మూడు గంటలకి. ఆమె మేస్త్రి పక్క కుర్చీలో కూర్చుంది, వెనక నుంచి మూడో వరస, చివరి కుర్చీ. కొత్త చెక్క వాసన, కొత్త పెయింటు వాసన. తెర మూసి ఉంది. లైట్లు వెలగలేదు ఇంకా. ఆ మసకలో తెర అంతా ఒకే పెద్ద చెరువులా ఉంది. ఒక్క క్షణం ఆమెకి ఆశ పుట్టింది. నేనే పొరబడ్డానేమో. పొరబడి ఉంటే ఎంత బాగుండు.

లైట్లు పడ్డాయి. ఎడమ సగం పొడిగా ఉంది. కుడి సగం మీద అప్పుడే వాన వెలిసినట్టుంది. మధ్యలో రెండూ కలిసేచోట నిట్టనిలువుగా పైనుంచి కింద దాకా గీత.

హాలంతా "ఆఁ!" అన్నది. ముందు వరసలో ఎవరో, "డిజైన్ భలే పెట్టారే!" అన్నారు. ఆ మాట వరస వరసకీ పాకింది. "సగం తెల్లవారినట్టు పెట్టారు చూడు." "అవునవును, కావాలనే." ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. చప్పట్లు వెనక దాకా వచ్చేసరికి ఆ గీత అందంగా కనపడటం మొదలైంది. ఆమెకి కూడా. నిజంగానే అందంగా ఉంది. అదే ఆమెకి ఒళ్ళు జలదరించేలా చేసింది.

"మేస్త్రీ," అంది మెల్లగా. "నీకు కనపడుతోందా?"

మేస్త్రి తెర వైపే చూస్తున్నాడు. "ఇప్పుడేంటక్కా," అన్నాడు. "ఆ రోజే కనపడింది. తొట్టిలోంచి తీసినప్పుడే."

"మరి చెప్పలేదే?"

"చెబుదామనే ఫొటో పెట్టాను. ఎవరో ఒకరు కాదంటారు, మళ్ళీ వేద్దాం అనుకున్నా. ఇంతలో నువ్వు వేశావు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నువ్వే వేశాక, నా కన్నే తప్పేమో అనుకున్నా. ఆ తర్వాత ఓటప్పుడు ఇక చెప్పడానికి మొహం లేదు."

ఆమె ఆయన్ని చూసింది. కోపం రాలేదు. తొట్టి దగ్గర ఆవిరిలో ఒక మనిషి, వంటింట్లో తడి చేతులతో ఒక మనిషి. ఇద్దరూ ఒకే తేడాని చూసి, ఎదుటివాళ్ళని నమ్మి, తాము చూడలేదనుకున్నారు. పద్దెనిమిది మెట్లు ఎక్కి ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగక్కర్లేకుండా చెయ్యడానికే కదా అరచేతిలో, ఆ గ్రూపులో, అందరూ ఉన్నది.

ముందు వరసలోంచి అల్లుడుగారు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు, ఫొటో తియ్యమన్నట్టు. మేస్త్రి ఫోన్ ఎత్తి తెరని ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. "అద్భుతం," అని రాశాడు కింద. ఆమె ఒళ్ళో ఫోన్ టక్ టక్ మంది. ఒకటి, రెండు, నాలుగు, ఆరు.

"నీదొక్కటే మిగిలింది అక్కా," అన్నాడు మేస్త్రి, బతిమాలుతున్నట్టు. "వేసెయ్యి. అయిపోయిందిగా."

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది. గ్రూపు తెరిచి, అందులో ఏదో వెతికి, ఒక చోట నొక్కింది. ఫోన్ సంచిలో పెట్టుకుంది. తెర తెరుచుకోబోతూ మధ్యలో కాస్త చీలింది. లోపల నుంచి సంగీతం మొదలైంది. హాలంతా మెడలు సాచి ముందుకి వంగింది.

మేస్త్రి ఫోన్ చూసుకున్నాడు. ఫొటో కింద ఆరు వేళ్ళే ఉన్నాయి. వాటి కింద సన్నటి అక్షరాల్లో, ఆమె గ్రూపు నుంచి వెళ్ళిపోయిందని ఒక చిన్న వరస. ఆ వరస చదివి, "అక్కా, ఇదేంటి..." అంటూ పక్కకి తిరిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

చీర కుచ్చెళ్ళు పట్టుకుని, ఎవరి కాళ్ళూ తగలకుండా, ఆమె గోడ వారగా నడిచి పక్క తలుపు తీసుకుని బయటికొచ్చింది. బయట మామూలు మధ్యాహ్నం. రోడ్డు మీద ఎవరి రంగులో వాళ్ళు నడుస్తున్నారు. మెట్లు దిగి, ఫ్యాక్టరీకి వెళ్ళే బస్సు వస్తున్నా చెయ్యి ఎత్తకుండా, రెండో వైపుకి దాటి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.